శాంతి సాధించిన స్త్రీలు

యుద్ధం అనగానే మనకు ఆయుధాలు, సైనికులు, సేనాపతులు గుర్తుకు వస్తారు. చరిత్ర పుస్తకాలలో గెలిచినవారి పేర్లు, ఓడినవారి పేర్లు ఉంటాయి. కాని యుద్ధభూమికి వెళ్ళనివారిని కూడా యుద్ధం వదలదు. ఊరు తగలబడితే పిల్లలను చంకన వేసుకొని పరుగెత్తేది తల్లి. భర్త తిరిగి రాకపోతే సంసారభారం మోసేది భార్య. ఇన్ని కష్టాలు అనుభవించే స్త్రీలకు యుద్ధాన్ని ఆపమని అడిగే హక్కు లేదా? ఈ ప్రశ్నకు లైబీరియా దేశపు స్త్రీలు తమ చేతలతోనే జవాబు చెప్పారు.

లైబీరియా ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న చిన్న దేశం. దాని రాజధాని మన్రోవియా. అక్కడ 1989లో అంతర్యుద్ధం మొదలైంది. 1997లో అది సద్దుమణిగి ఎన్నికలు జరిగాయి. తిరుగుబాటు నాయకుడైన చార్లెస్ టేలర్ అధ్యక్షుడయ్యాడు. 1999లో పోరు మళ్ళీ రాజుకొంది. ఈ రెండు యుద్ధాలలో సుమారు రెండున్నర లక్షల మంది మరణించారని అంచనా. లక్షలాది ప్రజలు ఇళ్ళు విడిచి శిబిరాల పాలయ్యారు. చదువుకోవలసిన పిల్లల చేతికి తుపాకులు వచ్చాయి. స్త్రీలలో కొందరు తామే ఆయుధం పట్టారు. మరెందరినో సాయుధ దళాలవారు ఎత్తుకుపోయి, వంట చేయించారు, బరువులు మోయించారు, అత్యాచారాలకు గురిచేశారు.

ఆ రోజులలో లేమా బోవీ అనే యువతి మన్రోవియాలో సంఘసేవకురాలిగా పనిచేసేది. యుద్ధంలో మనసు దెబ్బతిన్నవారికి, ఒకప్పుడు తుపాకి పట్టిన పిల్లలకు ఊరట కలిగించడం ఆమె పని. ఎంతమంది గాయాలు మాన్పినా, యుద్ధం ఆగకపోతే కొత్త గాయాలు పుడుతూనే ఉంటాయని ఆమె గ్రహించింది. మొదట చర్చిలలోని స్త్రీలను కూడగట్టింది. ఆసటు బా కెనెత్ అనే ముస్లిం పోలీసు అధికారిణి తన మతంలోని స్త్రీలను తీసుకువచ్చింది. తుపాకి గుండుకు మతభేదం లేనప్పుడు శాంతి కోరేవారికి ఆ భేదం ఎందుకని వారు ఒక్కటయ్యారు.

2003 ఏప్రిల్‌లో వారి దీక్ష మొదలైంది. అందరూ తెల్లని దుస్తులు ధరించారు. నగలు పెట్టుకోలేదు. అధ్యక్షుడు రోజూ ప్రయాణించే రహదారి పక్కన, చేపల బజారు దగ్గరి మైదానంలో కూర్చున్నారు. ఎండ కాసినా, వాన కురిసినా కదలలేదు. వందలతో మొదలైనవారు వేలయ్యారు. చివరకు ఏప్రిల్ 23న అధ్యక్షుడు వారిని పిలిపించి వారి విన్నపం విన్నాడు. శాంతి చర్చలకు వెళ్ళడానికి ఒప్పుకొన్నాడు.

జూన్‌లో ఘనా దేశంలో చర్చలు ప్రారంభమయ్యాయి. వారాలు గడిచినా ఫలితం కనబడలేదు. మంచి హోటళ్ళలో బసచేసిన నాయకులు పదవుల పంపకం గురించి వాదులాడుకొంటుంటే, మన్రోవియాలో ఇళ్ళమీద గుండ్లు పడుతున్నాయి. జూలై 21న స్త్రీలు చర్చలు జరిగే భవనానికి వెళ్ళారు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని తలుపులకు అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం కుదరనిదే ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. లేమాను నిర్బంధించడానికి కాపలాదారులు రాగా, ఆమె తన వస్త్రాలు తానే విడుస్తానని హెచ్చరించింది. తల్లి వంటి స్త్రీ పదిమందిలో అలా చేస్తే చూసినవారికి శాపం తగులుతుందని ఆ ప్రాంతపు నమ్మకం. కాపలాదారులు వెనుదిరిగారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ పాలకుడు అబ్దుల్ సలామీ అబూబకర్ వచ్చి వారితో మాట్లాడాడు. ఆ తరువాత చర్చలు చురుకుగా సాగాయి. ఆగస్టు 11న టేలర్ పదవి విడిచి దేశం దాటాడు. ఆగస్టు 18న శాంతి ఒప్పందం జరిగింది. ఇతర దేశాల ఒత్తిడి, శాంతి సేనల రాక కూడా ఇందుకు కారణాలే. కాని ప్రజల ఆవేదనను నాయకుల ముంగిటికి తెచ్చినవారు ఈ స్త్రీలే.

సంతకాలతో శాంతి పూర్తి కాదని వారికి తెలుసు. తుపాకులు దించాలి, బడులు తెరవాలి, పగలు చల్లారాలి. 2004 చివరికి లక్ష మందికి పైగా సాయుధ దళాలను విడిచి వచ్చారు. వారిలో ఇరవై వేలకు పైగా స్త్రీలు. తుపాకి అప్పగించకపోయినా, దళాల వెంట తిరిగిన స్త్రీలను కూడా లెక్కలోకి తీసుకొన్నారు. లేకుంటే వారికి పునరావాస సహాయం అందేది కాదు. 2005 ఎన్నికలకు ముందు మహిళా కార్యకర్తలు బజార్లలో తిరిగి, ఓటర్లుగా చేరమని స్త్రీలను ప్రోత్సహించారు. బేరం పోతుందని వెనుకాడినవారి దుకాణాలను, పిల్లలను తామే చూసుకొన్నారు. ఆ ఎన్నికలలో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచి, 2006 జనవరిలో అధ్యక్షురాలయ్యారు. ఆఫ్రికా ఖండంలో ప్రజలు ఎన్నుకొన్న మొదటి మహిళా దేశాధ్యక్షురాలు ఆమెయే.

ఈ పునర్నిర్మాణంలో మన దేశపు స్త్రీలకూ పాత్ర ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున మన కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన నూరుమందికి పైగా మహిళలు లైబీరియా వెళ్ళారు. వారి స్థానంలో ఏటేటా కొత్తవారు వెళ్ళుతూ, 2016 వరకు అక్కడ రక్షణ బాధ్యత నిర్వహించారు. వారిని చూసి అక్కడి యువతులు ఎందరో పోలీసు ఉద్యోగాలలో చేరడానికి ముందుకు వచ్చారు.

2011లో నోబెల్ శాంతి బహుమతి సర్లీఫ్‌కు, లేమా బోవీకి, యెమెన్ దేశపు తవక్కుల్ కర్మాన్‌కు కలిపి ఇచ్చారు. లైబీరియాలో పేదరికం పోలేదు. యుద్ధం చేసిన గాయాలన్నీ మానలేదు. అయినా అటువంటి యుద్ధం అక్కడ మళ్ళీ రాలేదు. బహుమతి అందుకొన్నవారి పేర్లు లోకానికి తెలుసు. ఎండలో, వానలో ఆ మైదానంలో కూర్చున్న వేలమంది చేపలమ్ముకొనేవారి, కూరగాయలమ్ముకొనేవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ దేశంలో శాంతి నిలవడంలో వారి పాలు కూడా ఉంది.