చివరి పట్టా దాకా కరెంటు

మద్రాసును బెజవాడతో కలుపుతూ 1899లో పూర్తయిన రైలు మార్గం ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి మీదుగా సాగుతుంది. 1980 ప్రాంతంలో దానిని విద్యుదీకరించిన ఇంజనీర్ల ముందున్న సమస్యకూ, గదిలో బల్ల మీద నమూనా రైలును నడిపేవారికి ఎదురయ్యే సమస్యకూ మూలం ఒక్కటే. తీగ పొడవు పెరిగే కొద్దీ నిరోధం పెరుగుతుంది కనుక, కరెంటు చివరికి చేరేసరికి వోల్టేజి పడిపోతుంది. మిరప చేలలో లైను చివరనున్న బోరు మోటారు మూలుగుతూ తిరగడానికి కారణం ఇదే, హెచ్.వి.డి.ఎస్. పేరుతో 11,000 వోల్టుల లైనును పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టడం వెనకనున్న ఆలోచనా ఇదే.

1925లో బొంబాయిలో తొలి విద్యుత్ రైలు నడిచినప్పుడు పై తీగలో ఉన్నది 1,500 వోల్టుల డి.సి. విద్యుత్తు, 1950ల చివరలో భారతీయ రైల్వే 25,000 వోల్టుల ఎ.సి. విధానానికి మళ్లింది. 6,000 అశ్వశక్తి ఇంజను పాత విధానంలో దాదాపు 3,000 ఆంపియర్లు లాగవలసి ఉండగా, కొత్త విధానంలో దానికి సుమారు 180 సరిపోతాయి. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆదా అపారం. అంతటి వోల్టేజి ఉన్నా ఒకే చోటి నుంచి మార్గమంతటికీ సరఫరా చేయరు. పదుల కిలోమీటర్లకు ఒక సబ్‌స్టేషన్ ఉంటుంది; పక్కపక్క సబ్‌స్టేషన్లు వేర్వేరు ఫేజుల నుంచి విద్యుత్తు తీసుకుంటాయి గనుక వాటి పరిధుల నడుమ న్యూట్రల్ సెక్షన్ అనే కరెంటు లేని ముక్క ఉంచుతారు. ఇంజను వాడుకున్న కరెంటు చక్రాల గుండా పట్టాల్లోకి దిగి తిరుగు ప్రయాణం కడుతుంది. అందుకే పట్టాల అతుకుల దగ్గర లోహపు బాండ్లు బిగిస్తారు.

నమూనా రైలుకు సాధారణంగా పై తీగ ఉండదు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లుండే, అసలులో 87వ వంతైన ‘హెచ్.ఓ.’ రకంలో రెండు పట్టాలే రాకకూ పోకకూ దారులు. వాటిని నికెల్ సిల్వర్‌తో చేస్తారు; ఇది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, ఇందులో వెండి ఉండదు. తుప్పును బాగా తట్టుకున్నా, దీని విద్యుద్వాహకత రాగిలో పదో వంతు కూడా లేదు. పైగా పట్టా ముక్కలను కలిపే జాయినర్లు వదులై, మురికి పట్టి, ప్రతి అతుకూ ఒక కొత్త నిరోధంగా మారుతుంది. పట్టాను రైలు నడిచే దారిగా మాత్రమే చూడాలి, కరెంటును దూరం మోసే పని దానికి అప్పగించకూడదు. నమూనా వైరింగులో ఇంతకంటే ముఖ్యమైన సూత్రం లేదు.

ఆ మోత పని బల్ల కింద వేసే లావుపాటి రాగి తీగల జంటది. దీన్ని బస్ అంటారు. ఇళ్ల వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగను ఐదు మీటర్లు లాగి మూడు ఆంపియర్లు పంపితే, రానూపోనూ కలిపి మూడో వంతు వోల్టు మాత్రమే తగ్గుతుంది; కరెంటు పనివాళ్లు ‘రెండున్నర’ అనే తీగ వేస్తే తగ్గుదల ఐదో వంతు వోల్టుకు దిగుతుంది. బస్ నుంచి ప్రతి పట్టా ముక్కకూ, లేదా మీటరుకు ఒకటి చొప్పున, ఫీడర్ అనే సన్నని పొట్టి తీగను పట్టా పక్కకు సోల్డరింగ్ చేయాలి. రెండు పట్టాల తీగలకు రెండు రంగులు ఎంచుకుని చివరిదాకా వాటికే కట్టుబడాలి. ఒక్క ఫీడర్ తారుమారైనా షార్ట్ అవుతుంది.

అతుకులన్నిటినీ సోల్డర్ చేసేస్తే ఫీడర్లు తక్కువైనా చాలుననే సలహా చల్లని దేశాలకు పనికిరావచ్చు గానీ, రెంటచింతల పేరు ఏటా ఎండల వార్తల్లోకెక్కే ఈ మైదానంలో దాన్ని పాటించడం పొరపాటు. ఇరవై డిగ్రీల తేడాకు పది మీటర్ల పట్టా సుమారు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి సందు లేకపోతే పట్టా వంకర తిరుగుతుంది. అతుకులను కదలనిచ్చి, ముక్కముక్కకూ ఫీడర్ ఇవ్వడమే ఇక్కడ మేలు. పత్తి నూగు, మిరప దుమ్ము గాలిలో తేలే ఊళ్లలో చక్రాలనూ పట్టాల తలలనూ తరచు తుడవడం కూడా వైరింగులో భాగమే, ఎందుకంటే సన్నని మురికి పొరను పన్నెండు వోల్టులు చీల్చుకుపోలేవు.

రైలు దారి మళ్లే పాయింట్ల వద్ద రెండు పట్టాలు ఖండించుకునే క్రాసింగ్ ముక్క, రైలు వెళ్లే దిక్కును బట్టి ఒకసారి ఒక పట్టాకు, మరోసారి రెండో పట్టాకు చెందుతుంది. దాన్ని విడదీసి, పాయింటుతో పాటు మారే స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వకపోతే చిన్న ఇంజన్లు అక్కడే ఆగిపోతాయి. దారి చుట్టు తిరిగి తన మీదికే వచ్చి కలిసేచోట కుడి పట్టా ఎడమ పట్టాను తాకుతుంది గనుక, అక్కడ రెండు పట్టాలనూ కోసి ఆ భాగానికి వేరే సరఫరా అమర్చాలి.

డి.సి.సి. అనే డిజిటల్ పద్ధతిలో, అంటే పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంచి ఇంజన్లకు విడివిడిగా ఆదేశాలు పంపే ఏర్పాటులో, వైరింగు బలహీనత ప్రమాదంగా మారుతుంది. షార్ట్ అయినప్పుడు తీగల నిరోధం ఎక్కువగా ఉంటే, సరఫరా పెట్టె దాన్ని గుర్తించి ఆగేటంత కరెంటు ప్రవహించదు. ఆగని ఆ కరెంటు చక్రాలనూ ప్లాస్టిక్ స్లీపర్లనూ కరిగించగలదు. దీన్ని పరీక్షించడానికి రెండు పట్టాల మీదా అడ్డంగా ఒక నాణేన్ని క్షణంపాటు ఆనించి చూస్తారు. ప్రతి ముక్క దగ్గరా సరఫరా వెంటనే ఆగాలి. ఎక్కడ ఆగలేదో అక్కడ మరో ఫీడర్ వేసి మళ్లీ నాణెం పెట్టాలి.