మలేసియాలోని తెలుఁగు బిడ్డలు: బోధనభాషావిచారము

మలేసియాదేశమునఁ బేరాక్ రాష్ట్రములో మూఁడు తరములుగా స్థిరపడిన యొక తెలుఁగు కుటుంబమున మెట్టిన నా మేనకోడలు గడచిన మాసమున నాకొక జాబు వ్రాసినది. "మామయ్యా, పిల్లవాడికి బడియీడు వచ్చింది. తమిళబడిలో వేద్దామా, చీనాబడిలో వేద్దామా, మలాయిబడిలో వేద్దామా? ఎందులో వేస్తే ఇంగ్లీషు బాగా వస్తుంది?" అని యందలి ప్రశ్న. చూచుటకుఁ జిన్న ప్రశ్నయే కాని యిందు మూఁడు సంశయములు పెనఁగొనియున్నవి. వానిని విడఁదీసి చూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట వస్తుస్థితి చెప్పెదను. ఆ దేశమునఁ బ్రభుత్వ ప్రాథమికపాఠశాలలు ప్రధానముగా రెండు విధములు. మలాయి బోధనభాషగాఁ గలవి జాతీయపాఠశాలలు. చీనావారి మాండరిన్ గాని తమిళము గాని బోధనభాషగాఁ గలవి జాతీయతరహా పాఠశాలలు. వీనినే లోకమున వర్నాక్యులర్ పాఠశాలలందురు. చీనాపాఠశాలలు దాదాపు 1,300 కలవు. తమిళపాఠశాలలు 500కుఁ బైఁబడియున్నవి. మలాయియు నాంగ్లమును నన్ని బడులలోను విధిగా నేర్పుదురు. అయితే జాతీయతరహా పాఠశాలలలో మూఁడు భాషలకుఁ గాలము పంచవలసి వచ్చుటచే నాంగ్లమునకు దొరకు గంటలు తక్కువ. ప్రభుత్వ మాధ్యమికపాఠశాలలలో బోధనభాష మలాయి. కాఁబట్టి తమిళ చీనాబడులనుండి వచ్చినవారిలో మలాయిభాషయందుఁ జాలినంత పటిమ లేనివారికి మాధ్యమికమునకు ముందు 'పెరాలిహాన్', అనఁగా మార్పు తరగతి, యొక సంవత్సరము నియతమైయున్నది.

ఈ యేర్పాటునకు మూలము వలసపాలనమున నున్నది. ఆ కాలమునఁ బట్టణములలో నాంగ్లపాఠశాలలును, పల్లెలలో మలాయిబడులును వెలసెను. చీనావారు తమ బడులను దామే పెట్టుకొనిరి. తోఁటలలోఁ బడియీడు పిల్లలు పదుగురున్నచో యజమానియే బడి యేర్పఱుపవలెనని 1923 నాఁటి కార్మికశాసనము విధించెను. ఆ తోఁటలలోఁ దమిళబడులతోఁబాటు కొన్ని తెలుఁగుబడులును నుండెడివి. 1951లో బార్న్సు సంఘము వేర్వేరు బడులకు మాఱుగా మలాయి, ఆంగ్లములు బోధనభాషలుగాఁ గల జాతీయపాఠశాలయే యుండవలెనని సూచింపఁగాఁ జీనావారు తీవ్రముగా నభ్యంతరపెట్టిరి. 1956 నాఁటి రజాక్ నివేదిక బోధనభాషలు పెక్కైనను బాఠ్యక్రమ మొక్కటిగా నుండవలెనని మధ్యేమార్గము చూపెను. 1970 మొదలుకొని యాంగ్లపాఠశాలలు తరగతి వెంటఁ దరగతిగా మలాయిలోనికి మాఱెను. జాతీయతరహా పాఠశాలలు రాజ్యాంగవిరుద్ధములని కొందఱు వ్యాజ్యము వేయఁగాఁ, గౌలాలంపూరు ఉన్నతన్యాయస్థానము 2021లో దానిని గొట్టివైచెను. 2023లో నప్పీలు న్యాయస్థానమును నట్లే తీర్చెను. తెలుఁగుబడులు మాత్ర మీ మాఱుపులలో నిలువలేదు.

ఇఁక మొదటి సంశయము. మంచి యాంగ్లమునకు జాతీయపాఠశాలయే మార్గమని కొందఱు, క్రమశిక్షగల చీనాబడి మేలని కొందఱు వాదింతురు. ఉభయులును నొక భేదమును విస్మరించుచున్నారు. కారకపరిభాషలోఁ జెప్పెదను. "బాలుఁ డాంగ్లమును నేర్చును" అన్నప్పు డాంగ్లము కర్మము. "బాలుఁ డాంగ్లముచే గణితమును నేర్చును" అన్నప్పు డాంగ్లము కరణము. పై బడులన్నిటిలోను సామాన్యముగా నాంగ్లము కర్మమే. బడికిని బడికిని గల ముఖ్యభేదము కరణమునందున్నది: ఒకచో మలాయి, ఒకచో మాండరిన్, ఒకచోఁ దమిళము. 2016నుండి ద్విభాషాపథకమను పేర నెన్నుకొనఁబడిన కొన్ని బడులలో గణితవిజ్ఞానముల నాంగ్లమునఁ జెప్పుట యున్నది గాని, యది యన్ని బడులకుఁ జెందినది కాదు. కాఁబట్టి కరణభేదమునుబట్టి కర్మము సిద్ధించునని తలఁచి బడిని వెదకుట తగదు.

ఆంగ్లమునే కరణము చేసినచో నేమగునన్న ప్రశ్నకు నా దేశచరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది. 2003లో నన్ని బడులలోను గణితవిజ్ఞానముల నాంగ్లమున బోధింప నారంభించిరి. 2009లో నా పద్ధతిని విడుచుటకు నిర్ణయించి, 2012నుండి క్రమముగా మాన్పించిరి. గ్రామీణవిద్యార్థులు వెనుకఁబడుట యందులకుఁ జెప్పిన కారణములలో నొకటి. ఆంగ్లము రానివాఁ డాంగ్లమున గణితము విన్నచో రెండును జాఱిపోవు భయము కలదు.

రెండవ సంశయము మాతృభాషాబోధనమును గూర్చినది. పసివానికిఁ దన భాషలోఁ జదువు చెప్పుటయే శ్రేష్ఠమని 1953లో యునెస్కో ప్రకటించిన గ్రంథము సిద్ధాంతీకరించెను. ఒక భాషలోఁ గుదిరిన చదువు మఱియొక భాషకు నాధారమగునని కెనడా విద్వాంసుఁడు జిమ్ కమిన్సు నిరూపింపఁ బూనెను. వలసవచ్చిన పిల్ల లాంగ్లమున మాటలాడుటకు రెండేండ్లు చాలినను, జదువునకుఁ దగిన పటిమ కైదునుండి యేడేండ్లు పట్టునని యాతఁడు చెప్పెను. ఇది మనకుఁ గొత్త కాదు. నేను బాల్యమున నమరకోశము వల్లించితిని. మా గురువుగారు తెలుఁగున నర్థము చెప్పి పాఠము చేయించిన వర్గములు నేఁటికిని నా వ్రాఁతకుఁ బనికివచ్చుచున్నవి. అర్థము లేక వల్లించినవి నాలుకమీఁద నున్నవి గాని కలమునకు రావు.

అట్లైన వర్నాక్యులర్ పాఠశాలయే మేలు కదా యని యడుగవచ్చును. ఇచ్చట మూఁడవ సంశయము. లాటినుభాషలో 'వెర్నా' యనఁగా నింటఁ బుట్టిన దాసుఁడు. దానినుండి వచ్చిన వర్నాక్యులర్ శబ్దమునకు యోగార్థము ఇంటిభాష. మలేసియాలో రూఢ్యర్థము తమిళ చీనాబడులు మాత్రమే. తమిళుల యింటఁ బుట్టిన బిడ్డకు యోగమును రూఢియు నొక్కచోటఁ గలియును, తెలుఁగుబిడ్డకుఁ గలియవు. మాతృభాషాబోధనమునకుఁ జెప్పిన గుణములు వానికిఁ దమిళబడిలోఁ దామై రావు. నైజాము రాజ్యములోని మనవారికి నిట్టి యవస్థ యనుభవమే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ కరణము, ఆంగ్లము విధిగాఁ జదువవలసిన కర్మము. తెలుఁగింటినుండి పోయినవాని యింటిభాష బోధనభాష కాలేదు.

ఆ దేశపు 1996 నాఁటి విద్యాశాసనము, పదునేనుగురు విద్యార్థుల తలిదండ్రులు కోరినచో జాతీయపాఠశాలలోఁ జీనాభాషను గాని తమిళమును గాని నేర్పవలెనని చెప్పుచున్నది. అందుఁ దెలుఁగు పేర్కొనఁబడలేదు. కావున నక్కడఁ దెలుఁగును నిలుపు భారము ముఖ్యముగా గృహముమీఁదను, 1955లో నాంధ్రసంఘముగా నారంభమై నేఁడు మలేసియా తెలుఁగుసంఘముగా నున్న సంస్థవంటివానిమీఁదను బడినది.

నిర్ణయ మిది. ఇంటఁ దెలుఁగుతోఁబాటు తమిళమును ధారాళముగా మాటలాడుకొనువారు తమిళబడిని నిస్సందేహముగా నెన్నుకొనవచ్చును. మలాయిపాఠమును మాత్ర మేమఱరాదు. చీనాబడి కేఁగు బిడ్డకుఁ బాఠము చూచుకొనఁగల మాండరిన్ తెలిసినవా రింటనో దాపుననో యుండవలెను. ఈ రెండును లేనివారికి జాతీయపాఠశాల మేలు. మాధ్యమికమునకు భాష మాఱదు. అయినను దానివలనఁ దెలుఁగు రాదు.

ఆంగ్లమునకు బడి మాఱుటకంటె నిత్యాభ్యాసము ముఖ్యము. ప్రతిదినము అరగంట పెద్ద లాంగ్లకథ యొకటి బిగ్గరగాఁ జదివి వినిపింపవలెను. ఆ కథను బిడ్డ మొదటఁ దెలుఁగున మరలఁ జెప్పవలెను. పిమ్మట నాంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయవలెను. తప్పుల నన్నిటిని నొకమాఱే దిద్దక వారమున కొక్క నియమము చొప్పున దిద్దవలెను. తలిదండ్రులు తమకుఁ గుదురని యాంగ్లమున బిడ్డతో మాటలాడుటకంటెఁ దమకుఁ జక్కఁగా వచ్చిన తెలుఁగునఁ బ్రశ్నించి, కారణము లడిగి, విడమఱచి చెప్పించుట మేలు. ఆలోచన కుదిరినచో నది రెండవ భాషకును నక్కఱకు వచ్చును.

మా మేనకోడలి యింటఁ దమిళము లేదు. కావున మలాయిబడికే వ్రాసితిని. దానితోడనే, తాతగారు ప్రతిసాయంకాలము మనుమనిచేఁ దెలుఁగున నొక పుట వ్రాయింపవలెననియు వ్రాసితిని. ఆంగ్లము నే బడియైనను గొంత నేర్పును. ఆ పుట నాయనయే వ్రాయింపనిచో నా బాలునికి వేఱెవ్వరును వ్రాయింపరు.