టిక్ టిక్ ఎక్కడిది? చేత్తో కట్టిన ట్రెమొలో పెడల్ కథ

ఈ ఎపిసోడ్‌లో గిటార్ వెనకాల టిక్, టిక్ అని వినబడింది గడియారం కాదు. నేను కట్టిన పెడల్‌లో నా తప్పే. నోటితో చెప్తే సర్క్యూట్ బుర్రకెక్కదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ట్రెమొలో అంటే ఏంటి? వీణ మీద గమకం వేస్తే స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. ట్రెమొలోలో స్వరం కదలదు, శబ్దం మాత్రం పెరిగి తగ్గుతుంది. వాల్యూమ్ నాబ్‌ని ఎవరో ఆగకుండా అటూ ఇటూ తిప్పుతున్నట్టు అన్నమాట. 1940ల్లో అమెరికాలో డీఆర్మండ్ కంపెనీ పెట్టెలో ఒక మోటారు ద్రవం పోసిన చిన్న డబ్బాని ఊపేది. ద్రవం తగిలినప్పుడల్లా కొంత సిగ్నల్ ఎర్త్‌కి పోయి శబ్దం తగ్గేది. మన పెడల్‌లో ఆ పని వెలుతురు చేస్తుంది.

నేను తంజోంగ్ పగార్‌లో సైట్ సూపర్‌వైజర్ని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినా, ఇన్నేళ్లుగా చేతిలో ఉన్నది కాంక్రీటు, కడ్డీల లెక్కలే. మళ్లీ సోల్డరింగ్ చేయగలనా అని నాకే అనుమానం. ఒక ఆదివారం రైలెక్కి, మూడో స్టేషన్ బూగిస్‌లో దిగి, సిమ్ లిమ్ టవర్‌కి నడిచి సామాను కొన్నా.

సర్క్యూట్ రెండు భాగాలు. మొదటిది పాట దారి. గిటార్ సిగ్నల్ టీఎల్ 072 ఐసీలో రెండింతలై, ఒక కెపాసిటర్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాటి బయటికి పోతుంది. ఆ రెసిస్టర్ తర్వాత, బయటికి పోయే చోటు నుంచి ఎర్త్‌కి ఒక ఎల్‌డీఆర్. దాని మీద వెలుతురు పడితే నిరోధం తగ్గి శబ్దం పడిపోతుంది, చీకటైతే శబ్దం లేస్తుంది.

రెండోది ఊపు దారి. ఎల్ఎం 358 ఐసీలో ఒక సగం ఆసిలేటర్. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరసలో 500 కిలో ఓమ్‌ల పాట్ పెడితే సెకనుకు ఒకటి నుంచి తొమ్మిది ఊపుల దాకా వస్తాయి. ఐసీ రెండో సగం ఆ కెపాసిటర్ వోల్టేజీని తీసుకుని, 470 ఓమ్‌ల మీదుగా వరసలో ఉన్న రెండు ఎర్ర ఎల్ఈడీలను వెలిగిస్తుంది. ఒకటి ఎల్‌డీఆర్‌కి ఎదురుగా నల్ల గొట్టంలో, రెండోది పెట్టె మీద స్పీడు చూడటానికి. గొట్టంలోకి బయటి వెలుతురు రాకూడదు.

వాయించా. ఊపు బాగుంది, కానీ ప్రతి ఊపుకీ టిక్. ఎక్కడుందో తెలియాలంటే గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. టిక్ పోతే ఇన్‌పుట్ వైరు ఆసిలేటర్ వైరు పక్కన ఉన్నట్టు. పోకపోతే తప్పు సప్లయ్‌లోనో, ఎర్త్‌లోనో ఉన్నట్టు. నాది పోలేదు.

సైట్‌లో వెల్డింగ్ మిషన్, లైట్లు ఒకే లైను మీద ఇస్తే, వెల్డర్ రాడ్డు అంటించినప్పుడల్లా లైటు డిమ్ అవుతుంది. కుర్రాళ్లని దానికి ఎన్నిసార్లు తిట్టానో! ఇక్కడ నేను చేసిందీ అదే. 9 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు రెసిస్టర్లతో చేసిన 4.5 వోల్టుల పాయింటునే రెండు ఐసీలకీ ఇచ్చా. ఆసిలేటర్ ఠక్కున మారినప్పుడల్లా ఆ పాయింటు కదిలి, ఆ కదలిక పాటలో కలిసింది.

ఆసిలేటర్‌కి వేరే 4.5 వోల్టుల పాయింటు కట్టా. దాని సప్లయ్‌కి 100 ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశా. దాని ఎర్త్ వైరు విడిగా బ్యాటరీ దాకా లాగా. టిక్ పోయింది.

వచ్చే ఎపిసోడ్‌లో అదే ముక్క మళ్లీ వాయిస్తా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, టిక్ వినబడితే మొహమాటపడకుండా చెప్పండి.