ఫోన్‌కి అది నాయిస్, వాళ్లకి అదే పాట: రెండేళ్లు హైదరాబాద్ అండర్‌గ్రౌండ్ గిగ్స్ రికార్డ్ చేశాక

“బ్రో, సెల్లార్ షో రోజు నువ్వు ఫోన్‌లో తీశావు కదా. ఆ ఫైల్ ఇంకా ఉందా?”

రెండేళ్ల కిందట ఒక గిటారిస్ట్ పెట్టిన మెసేజ్ ఇది. ఫైల్ ఉంది. 41 నిమిషాల వీడియో. సైనిక్‌పురిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూమ్ ఉంటే, అక్కడ ముప్పై మంది ముందు వాళ్లు చేసిన షో. అదే ఆఖరిదని ఆ రోజు వాళ్లకీ తెలీదు. నెల తిరక్కుండానే బేసిస్ట్‌కి ఎంఎస్ కోసం టెక్సస్ వీసా వచ్చింది, డ్రమ్మర్‌ని ఆఫీసువాళ్లు పుణె పంపేశారు. మన దగ్గర బ్యాండ్లు గొడవపడి విడిపోవడం తక్కువ. ఎక్కువగా వీసా వచ్చి విడిపోతాయి. మూడేళ్ల బ్యాండ్, పదకొండు సొంత పాటలు, స్టూడియోలో రికార్డ్ అయినవి సున్నా. ఆ రోజు మొదట్నుంచి చివరిదాకా రికార్డ్ బటన్ నొక్కి ఉంచింది నేనొక్కడినే.

పంపే ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. కిక్ డ్రమ్ పడ్డ ప్రతిసారీ మిగతా సౌండ్ అంతా కిందికి దిగి, మళ్లీ నెమ్మదిగా పైకి లేస్తోంది. గిటార్ అయితే మిక్సీలో గులకరాళ్లు వేసినట్టుంది. విచిత్రం ఏంటంటే, పాటకీ పాటకీ మధ్య ఎవడో “ఏసీ పెంచండ్రా” అన్నది మాత్రం స్టూడియోలో చెప్పినంత క్లియర్‌గా వినిపిస్తోంది. అప్పటికి నా ఫోన్ ఆ ఏడాది ఫ్లాగ్‌షిప్. రాత్రి ఫొటోలు, జూమ్, స్టెబిలైజేషన్ అన్నీ సూపర్. కెమెరా రివ్యూలు పది చూసి కొన్నా. ఒక్క రివ్యూలో కూడా మైక్ గురించి రెండు లైన్లు లేవు. నేను చూసుకోనూ లేదు.

ఆ 41 నిమిషాలే నన్ను దీంట్లోకి లాగాయి. అప్పట్నుంచి నెలకి రెండు మూడు షోలు రికార్డ్ చేస్తున్నా. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్, జూన్ 21న వరల్డ్ మ్యూజిక్ డే షోలు, పబ్బుల్లో జనం రాని మంగళవారం రాత్రులు, జామ్ రూములు. మెటల్, పోస్ట్ రాక్, ల్యాప్‌టాప్ నాయిస్, పేరు పెట్టలేనివి కొన్ని. స్టూడియో దాకా వెళ్లగలిగిన బ్యాండ్లకి దిగులు లేదు. హైదరాబాద్ మూలాలున్న డెత్ మెటల్ బ్యాండ్ గాడ్‌లెస్ 2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ ఈపీలు తెచ్చింది, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బమ్ చేసింది. ఎవరైనా ఇప్పుడే వినొచ్చు. అంతదూరం వెళ్లలేని బ్యాండ్లే ఎక్కువ. వాళ్ల పాట ఆ రాత్రి ఆ గదిలో ఉంటుంది, తర్వాత ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే ఉంటుంది.

సమస్య ఆ ఫోన్‌తోనే.

ఫోన్ మైక్‌ని తయారుచేసింది మీ మాట కోసం. గొంతు దూరమైతే గెయిన్ పెంచాలి, దగ్గరైతే తగ్గించాలి. దీన్నే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ అంటారు. కాల్‌కి ఇది వరం. డ్రమ్స్‌కి మాత్రం శాపం, ఎందుకంటే ప్రతి కిక్ దెబ్బకీ అది భయపడి మొత్తం సౌండ్ తగ్గిస్తుంది. దీనిపైన నాయిస్ సప్రెషన్ అని ఇంకో లేయర్. మారకుండా అదేపనిగా వచ్చే శబ్దం ఏదైనా సరే ఫ్యానో, ఏసీనో అనుకుని తుడిచేస్తుంది.

రెండోదాని సంగతి నాకు ఒక ఎక్స్‌పరిమెంటల్ సెట్‌లో తెలిసింది. ఆర్టిస్ట్ ఒక స్టీలు బిందె తెచ్చుకున్నాడు. దాని అడుగున పీజో డిస్క్ అతికించాడు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నదట. ఆ డిస్క్ కాంటాక్ట్ మైక్‌లా పనిచేస్తుంది. బిందెలో కొంచెం నీళ్లు పోసి, అంచు మీద తడి వేలితో రాస్తూ, ఆ శబ్దాన్ని పెడల్స్‌లోంచి తిప్పి స్పీకర్‌కి ఇచ్చాడు. ఇరవై నిమిషాలు ఒకటే హోరు, లోపల్లోపల కొద్దికొద్దిగా రంగు మారుతూ. గదిలో ఉన్నవాళ్లకి గుండెల్లో తెలిసింది. నా వీడియోలో మాత్రం రెండు సెకన్ల హోరు, తర్వాత దాదాపు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పక్కవాడి చిప్స్ ప్యాకెట్. పాట మొత్తాన్నీ ఫోన్ చెత్త అనుకుని ఊడ్చేసింది.

మీ ఫోన్ కూడా ఇలా చేస్తుందా అని చూడటానికి ఇంట్లోనే ఒక టెస్ట్ ఉంది. మిక్సీ ఆన్ చేసి ఇరవై సెకన్లు వీడియో తీయండి. ప్లేబ్యాక్‌లో మిక్సీ మొదట గట్టిగా ఉండి, రెండు మూడు సెకన్లకి దానంతటదే తగ్గిపోయిందా? అయితే ఆ ఫోన్‌తో డ్రోన్ సెట్‌కి వెళ్లొద్దు. (అమ్మ ఏం చేస్తున్నావని అడిగితే రివ్యూ అని చెప్పండి. నేను అదే చెప్పా.)

కొంత మందు ఉంది. ఆండ్రాయిడ్ 7.0 నుంచి యాప్స్ మైక్‌ని ‘అన్‌ప్రాసెస్డ్’ మోడ్‌లో అడగొచ్చు. ఓపెన్ కెమెరా అనే ఫ్రీ యాప్‌లో వీడియో సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఆడియో సోర్స్ అని ఆప్షన్ ఉంటుంది, అందులో ఇది సెలెక్ట్ చేసుకోవాలి. అన్ని ఫోన్లూ దీన్ని నిజంగా సపోర్ట్ చేయవు కాబట్టి మార్చాక మళ్లీ మిక్సీ టెస్ట్ తప్పదు. ఇది పనిచేసినా ఇంకో గోడ ఉంది. మైక్‌కే ఒక హద్దు ఉంటుంది, మామూలు ఫోన్ మైక్‌లకి 120 నుంచి 130 డెసిబెల్స్ మధ్య. చిన్న గదిలో స్నేర్ డ్రమ్ పక్కన నిలబడితే ఆ దెబ్బలు అక్కడిదాకా వెళ్తాయి. హద్దు దాటాక వచ్చే పగులుని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. సింపుల్ పరిష్కారం: స్పీకర్ ముందు నుంచి తప్పుకోవడం. గది మూలలో కూడా నిలబడొద్దు, బేస్ అంతా అక్కడే పోగవుతుంది. సౌండ్ చూసుకునే మనిషి ఎక్కడ కూర్చుంటే ఆ పక్కనే నా చోటు. అతను వింటున్నదే మనకీ కావాలి.

అన్నట్టు, చెవులు. 100 డెసిబెల్స్ దగ్గర అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం రోజుకి సేఫ్ టైమ్ 15 నిమిషాలే. ఇయర్‌ప్లగ్స్ కొనండి. ఈ హాబీలో మొదటి గ్యాడ్జెట్ అదే.

రెండోది రికార్డర్. నేను జూమ్ హెచ్1ఎన్ సెకండ్ హ్యాండ్‌లో 6,500కి తీసుకున్నా. రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది, 24 బిట్ రికార్డింగ్, ముందువైపు గెయిన్ తిప్పడానికి ఒక నాబ్. ఆటో లెవెల్ ఆఫ్ చేసి, సౌండ్‌చెక్‌లో వాళ్లు బాగా గట్టిగా వాయించే పాట అడిగి, పీక్స్ మైనస్ 12 దాటకుండా పెట్టి ఇక ముట్టుకోను. తక్కువ లెవెల్‌లో రికార్డ్ అయినా భయం లేదు, 24 బిట్‌లో తర్వాత పెంచుకోవచ్చు. ఇవాళ కొత్తది కొనేవాళ్లకి మాత్రం 2024లో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్ చెప్తా. అది 32 బిట్ ఫ్లోట్, గెయిన్ నాబ్ గొడవే లేదు. మనం కాలేజీలో చదివిన ఫ్లోటింగ్ పాయింటే అది. లెవెల్ సున్నా డీబీ దాటినా నంబర్ పోదు, ఎడిటింగ్‌లో కిందికి దించుకోవచ్చు. ఒక్క మాట, యూట్యూబ్‌లో చెప్పినట్టు “ఇక క్లిప్పింగ్ అనేదే ఉండదు” అన్నది పూర్తి నిజం కాదు. దాని మైక్ హద్దు కూడా 120 డెసిబెల్సే. ఫ్లోట్ కాపాడేది నంబర్లని, మైక్ డయాఫ్రమ్‌ని కాదు.

“మిక్సర్ నుంచి డైరెక్ట్‌గా లైన్ తీసుకోవచ్చు కదా” అని ప్రతి ఫ్రెండూ అడుగుతాడు. నేనూ తీసుకున్నా, ఒకసారి. వచ్చింది వోకల్స్ మాత్రమే. చిన్న గదిలో డ్రమ్స్‌కి మైకే పెట్టరు, గిటార్ యాంప్ నేరుగా గదిలోకి మోగుతుంది, మిక్సర్‌లోకి వెళ్లేది గొంతూ కీబోర్డూ అంతే. వింటే కరియోకేలో కోపంగా అరుస్తున్నట్టు ఉంది. అందుకే రెండూ తీసి కలపాలి. కలిపేటప్పుడు రెండు చిక్కులు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, కాబట్టి స్టేజికి పది మీటర్ల దూరంలో ఉన్న నా మైక్‌కి అది 29 మిల్లీసెకన్లు లేటుగా చేరుతుంది. అది జరిపేస్తే సరిపోతుంది. రెండోది మొండిది: రెండు పరికరాల గడియారాలు ఒకేలా నడవవు. నా ఫోన్‌కీ రికార్డర్‌కీ గంటకి 90 మిల్లీసెకన్ల తేడా వస్తోంది. షో మొదట్లో చప్పట్లు కొట్టి సింక్ చేస్తే చివరి పాటకి డ్రమ్మర్ చేయి ఒకచోట, దెబ్బ ఒకచోట. ఇప్పుడు చివర్లో కూడా చప్పట్లు కొడతా. జనం ఎలాగూ కొడతారనుకోండి, కానీ వాళ్లది సింక్‌లో ఉండదు.

ఆరుబయట షో అయితే గదిమోత గొడవ లేదు, టైమ్ గొడవ ఉంది. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు. ముందు బ్యాండ్లు పావుగంట పావుగంట లేటు చేస్తే ఆఖరి బ్యాండ్‌కి మిగిలేది రెండు పాటలు. ఆ రెండు పాటలప్పుడే బ్యాటరీ అయిపోతుంది. రాసిపెట్టుకోండి.

రికార్డ్ చేయడం సగం పనే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అంటే గంటకి సుమారు 1 జీబీ. ఫ్లాక్‌లోకి మారిస్తే క్వాలిటీ పోకుండా కొంత తగ్గుతుంది, కానీ నాయిస్ సెట్స్ తగ్గనంటాయి. కంప్రెషన్‌కి తర్వాత ఏం వస్తుందో ఊహించే వీలుండాలి కదా, ఆ ఆర్టిస్టులు అదే ఇవ్వరు. ఫైల్ పేరులో తేదీ, చోటు, బ్యాండ్. పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్: ఎవరు ఏం వాయించారు, పాటల వరస, నేను ఎక్కడ నిలబడ్డాను. స్టేజి మీద నేలకి అతికించిన సెట్‌లిస్ట్ కాగితానికి ఫొటో. ‘న్యూ రికార్డింగ్ 37’ అనే ఫైల్ ఆరు నెలల తర్వాత నాకే అర్థం కాదు.

అప్‌లోడ్ చేసి పడేస్తే సరిపోతుందనేవాళ్లకి మైస్పేస్ కథ చెప్తా. ఒకప్పుడు ప్రపంచంలో చిన్న బ్యాండ్లన్నీ అక్కడే ఉండేవి. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో ఆ సంస్థే ఒప్పుకుంది. 5 కోట్లకి పైగా పాటలని అప్పుడు వార్తలొచ్చాయి. అందులో సుమారు 4 లక్షల 90 వేలు మాత్రం ఎవరో పరిశోధన కోసం ముందే డౌన్‌లోడ్ చేసి ఉండటంతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. ఆ ఆర్కైవ్‌లోనే 2002 నుంచి లైవ్ షోల రికార్డింగ్‌లకి వేరే విభాగం ఉంది. అభిమానులు మైకులు పట్టుకుని షోలకి రావడం అంతకంటే పాత అలవాటు. గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే 1984లో తన షోలలో వాళ్ల కోసం విడిగా చోటే కేటాయించింది. నాకైతే రెండు హార్డ్ డిస్కులు, ఒకటి ఊళ్లో మా ఇంట్లో, ప్లస్ క్లౌడ్. ఆర్నెల్లకోసారి చెక్‌సమ్‌లు సరిచూస్తా. ఆఫీసులో ఇంత శ్రద్ధ చూపిస్తే ఈపాటికి ప్రమోషన్ వచ్చేది.

అయితే అన్నీ అప్‌లోడ్ చేయను. ఒక వోకలిస్ట్ షో అయ్యాక నా దగ్గరికొచ్చి, “వీడియో ఎక్కడా పెట్టకండి ప్లీజ్. ఇంట్లో లెక్క ప్రకారం నేనిప్పుడు జీఆర్ఈ క్లాసులో ఉన్నా” అంది. ఆ రాత్రి నా రికార్డింగ్‌లన్నిట్లోకీ బాగా వచ్చింది ఆమె సెట్టే. నాకు చాలా రోజులు మనసొప్పలేదు. కానీ ఆమె పాట ఆమెది, ఆమె ఇల్లు ఆమెది. ఆ ఫైల్ ఆమెకి పంపాను, నా దగ్గరున్న కాపీ లాక్ చేసిన ఫోల్డర్‌లో ఉంది. అప్పట్నుంచి షోకి ముందే అడుగుతున్నా: రికార్డ్ చేయొచ్చా, పెట్టొచ్చా, మొహం కనపడొచ్చా. మూడూ వేరే వేరే ప్రశ్నలు. మొదటిదానికి కాదన్నవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే.

సెల్లార్ షో ఫైల్ సంగతి చెప్పలేదు కదా. డీక్లిప్ ప్లగిన్‌లు వాడి చూశా, ఈక్యూ మార్చి చూశా, చివరికి ఉన్నది ఉన్నట్టే పంపేశా. అది విని గిటారిస్ట్ ఫోన్ చేశాడు. వాళ్ల తొమ్మిదో పాట పేరు కూడా పెట్టకుండానే మొదటిసారి ఆ రోజే వాయించారట. ఎవరి దగ్గరా నోట్స్ లేవు, ఎవరికీ పూర్తిగా గుర్తు లేదు. నా పాడైన ఫైల్ తప్ప ఆ పాట ఇంకెక్కడా లేదు. టెక్సస్ నుంచి బేసిస్ట్, పుణె నుంచి డ్రమ్మర్ ఆ ఆడియో వింటూ ఒక్కో ముక్కా మళ్లీ రాసుకున్నారు. మధ్యలో ఇరవై సెకన్లు మాత్రం ఎంత విన్నా తేలలేదు. అక్కడ ఫోన్ పూర్తిగా పగిలిపోయింది. గిటారిస్ట్ డి అంటాడు, బేసిస్ట్ ఎఫ్ షార్ప్ అంటాడు, ఇద్దరికీ నమ్మకం లేదు.

డిసెంబర్‌లో బేసిస్ట్ సెలవుల మీద వస్తున్నాడు. అదే సెల్లార్‌లో రెండు గంటలు బుక్ చేశారు. నా బ్యాగ్‌లో బ్యాటరీలు మూడు జతలున్నాయి.