రాత్రి రకూన్ వచ్చి వెళ్లిందని ఎలా తెలుస్తుంది?

మన సీనియర్లు ఎం.ఎస్. కోసం అమెరికా, కెనడా వెళ్లేటప్పుడు వీసా, అద్దె, పార్ట్‌టైమ్ గురించి బోలెడు చెప్తారు. రాత్రిళ్లు చెత్తడబ్బా మూత తీసే జంతువు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. దాని పేరు రకూన్. మన అడవుల్లో ఇది లేదు కాబట్టి మనకి సినిమాల్లో చూడటమే. మా అక్క టొరంటోలో ఉంటుంది. ఇంటి వెనక చెక్క వరండాలో కనబడ్డ గుర్తుల ఫొటోలు వాట్సాప్‌లో పంపి "ఇదేంటో చూడరా" అంటుంటే, నేను ఈ సబ్జెక్ట్ చదవడం మొదలుపెట్టాను.

ముందు ఆకారం. పిల్లి కంటే బాగా లావు, సాధారణంగా 4 నుంచి 9 కిలోలు. బూడిద రంగు బొచ్చు, కళ్ల మీద నల్ల ముసుగు, తోక చుట్టూ నల్లటి పట్టీలు. వీపు గూనిలా వంచి నడుస్తుంది. పొద్దుగూకాక బయటికొస్తుంది, టార్చ్ వేస్తే కళ్లు మెరుస్తాయి. నీళ్లున్న చోట కప్పలు, చేపలు తింటుంది. పళ్లు, మొక్కజొన్న, గుడ్లు, మనం పారేసినవి, ఏదీ వదలదు. దాని గొప్పంతా ముందు చేతుల్లో ఉంది. తిండిని నీళ్లలో తడుముతూ తినడం చూసి శాస్త్రవేత్తలు 'లోటర్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో కడిగేది అని అర్థం. నిజానికి అది కడగడం లేదు, చేత్తో తడిమి చూసుకుంటోంది.

జంతువు కనబడకపోయినా బురదలో ముద్ర ఉంటుంది. కుక్క, పిల్లి ముద్రల్లో నాలుగే వేళ్లు పడతాయి. రకూన్‌కి ఐదూ పడతాయి, సన్నగా, పొడుగ్గా, అచ్చం చంటిపిల్లాడి అరచెయ్యిలా. నడిచేటప్పుడు ఒక పక్క ముందు పాదం, రెండో పక్క వెనక పాదం దగ్గరదగ్గరగా పడతాయి, అందుకే ముద్రలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. అక్కడే తిరిగే ఒపోసమ్‌కి కూడా ఐదు వేళ్లే. కానీ దాని వెనక కాలి బొటనవేలు పక్కకి విరిచి పెట్టినట్టు ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు మలం. రకూన్లు చెట్టు మొదట్లోనో, పడిపోయిన దుంగ మీదో, ఇంటి కప్పు మీదో ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తాయి. పిల్లిలా మట్టి కప్పవు. అందులో పళ్ల గింజలు అరక్కుండా కనిపిస్తాయి. మా అక్క వాళ్ల వరండా మూల అలాంటిదే రెండు వారాల్లో మూడుసార్లు కనబడింది. పక్కన రెయిలింగ్ మీద ఐదు వేళ్ల బురద మరక. అక్క కొడుక్కి పది నెలలు, అదే వరండాలో పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు.

ఇక్కడే అసలు భయం. రకూన్ పేగుల్లో మన ఏలికపాము లాంటి ఒక పురుగు ఉంటుంది, పేరు బేలిసాస్కారిస్. దాని గుడ్లు మలంతో బయటపడతాయి. మనిషికి ఇది సోకడం చాలా అరుదు. కానీ సోకితే ఆ పురుగు పిల్లలు మెదడులోకి, కంట్లోకి చేరతాయి. మట్టి తినే వయసు పిల్లలకే ప్రమాదం ఎక్కువ. మంచి విషయం ఏంటంటే, తాజా మలంలోని గుడ్లు వెంటనే అంటవు, దానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. అంటే చూసిన రోజే తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, దుమ్ము లేవకుండా కొంచెం తడిపి తీసి, ఆ చోట సలసల కాగే నీళ్లు పొయ్యాలి. బ్లీచింగ్‌కి ఈ గుడ్లు చావవు. అక్క, బావ అలాగే చేశారు. పిల్లాడిని కొన్నాళ్లు లోపలే ఆడించారు.

ఇంకో గుర్తు శబ్దం. వసంతంలో ఇంటి అటక మీద రాత్రిపూట బరువైన అడుగులు, కిచకిచలు వినిపిస్తే తల్లి అక్కడ పిల్లల్ని పెట్టిందని అనుకోవచ్చు. వెంటనే కన్నం మూసేస్తే పిల్లలు లోపల చస్తాయి, తల్లి కప్పు పీకేస్తుంది. తెలిసిన మనుషుల్ని పిలవాలి.

పగలు కనిపించిన ప్రతి రకూన్‌కీ రోగం ఉన్నట్టు కాదు, పాలిచ్చే తల్లి పగలు కూడా మేతకి వస్తుంది. తూలుతూ నడుస్తున్నా, మనిషిని చూసి బెదరకుండా మీదికొస్తున్నా దూరంగా ఉండాలి. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో వీటి ద్వారా రేబిస్ తిరుగుతోంది. కరిస్తే మన దగ్గర కుక్క కరిచినప్పుడు చేసేదే: సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ముద్దుగా ఉంది కదా అని బిస్కెట్ మాత్రం పెట్టకండి. ఒకసారి పెడితే రోజూ వస్తుంది, పక్కింటికీ వెళ్తుంది. టొరంటోలో 2016లో రకూన్లు తెరవలేని గడియతో కొత్త చెత్తడబ్బాలు ఇంటింటికీ పంచడం మొదలుపెట్టారు. వాటిలో కొన్నిటిని కూడా అవి తెరిచేశాయి! అందుకే డబ్బా గడియ సరిగ్గా పడిందో లేదో రాత్రి ఒకసారి చూసుకోమని మీ అన్నయ్యలకి, అక్కలకి చెప్పండి.