అలైన్‌మెంట్ చేయించినా కారు పక్కకే లాగుతోందా? అపోహలు – వాస్తవాలు

అలైన్‌మెంట్ చేయించి, డబ్బు కట్టి రోడ్డెక్కాక కూడా స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలించగానే బండి ఒక పక్కకు జరిగిపోతుంటే ఎవరికైనా చిరాకే. 'వాడికి పని రాదు' అని తేల్చేసి చాలామంది ఇంకో షెడ్డుకు వెళ్తారు. అక్కడ మళ్లీ అలైన్‌మెంట్, మళ్లీ బిల్లు. లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పక్కకు లాగడం అంటే అలైన్‌మెంట్ పోవడమే అన్న నమ్మకమే ఈ తిరుగుడుకంతటికీ మూలం. అలైన్‌మెంట్ మిషన్ చూపించేది బండి నిలబడి ఉన్నప్పుడు చక్రాలు ఏ కోణంలో ఉన్నాయన్నది మాత్రమే. టైరు లోపలి నిర్మాణం, బ్రేకు పట్టేయడం, బుష్‌ల వదులు, రోడ్డు వాలు ఆ తెర మీదకు రావు. పోగా, తెర మీదకు వచ్చిన అంకెల్ని కూడా మనం సరిగ్గా చదవడం లేదు.

అపోహ: అంకెలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి కాబట్టి కారు నేరుగా పోవాల్సిందే

ముందు మూడు కోణాల సంగతి తెలియాలి. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఎంత ఒరిగి ఉందన్నది క్యాంబర్. చక్రం ఏ ఇరుసు మీద ఎడమకూ కుడికీ తిరుగుతుందో ఆ ఇరుసు పక్కనుంచి చూస్తే వెనక్కి ఎంత వాలి ఉందన్నది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండటం హ్యాండిల్ తనంతట తాను నేరుగా నిలబడటానికి తోడ్పడుతుంది. కారులో ఆ పని చేసేది ముఖ్యంగా క్యాస్టరే.

ముందు చక్రాల టో తేడా వల్ల కారు పక్కకు లాగడం అరుదు. ఎందుకంటే బండి కదలగానే రెండు చక్రాలూ ఆ తేడాను చెరిసగం పంచుకుంటాయి. టో తప్పితే టైరు అరిగిపోతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. అరచేతిని టైరు మీద లోపలినుంచి బయటికి ఒకసారి, బయటినుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్లలా గరుగ్గా తగిలితే అది టో చేసిన పని.

లాగుడుకు కారణమయ్యేవి మిగతా రెండూ, అందులోనూ ఎడమ కుడి చక్రాల మధ్య వాటి తేడా. క్యాంబర్ ఏ వైపు ఎక్కువ పాజిటివ్‌గా ఉంటే, అంటే చక్రం పైభాగం ఏ వైపు ఎక్కువ బయటికి ఒరిగి ఉంటే, బండి ఆ వైపు పోతుంది. క్యాస్టర్ ఏ వైపు తక్కువగా ఉంటే ఆ వైపు పోతుంది. ఆకుపచ్చ రంగు మనల్ని మోసం చేసేది ఇక్కడే. ఒక మోడల్‌కు క్యాంబర్ 0 నుంచి 1 డిగ్రీ దాకా ఉండొచ్చని అనుకుందాం. ఎడమ చక్రం 0.1, కుడి చక్రం 0.9 ఉన్నా రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి కాబట్టి ఆకుపచ్చగానే కనిపిస్తాయి. కానీ మధ్యలో 0.8 డిగ్రీల తేడా ఉంది, కారు కుడికి లాగుతుంది. అందుకే ప్రింటులో రంగు కాదు, ఎడమ అంకెకూ కుడి అంకెకూ మధ్య తేడా చూడండి. అర డిగ్రీ దాటితే అనుమానించాల్సిందే. కొన్ని మిషన్లు డిగ్రీలతో పాటు నిమిషాల్లో చూపిస్తాయి. 60 నిమిషాలు ఒక డిగ్రీ, కాబట్టి 30 నిమిషాలంటే అర డిగ్రీ.

అపోహ: క్యాంబర్ తేడా వస్తే జాకీ పెట్టి సరిచేసేస్తారు, పెద్ద పనేం కాదు

ఈ ఒక్క విషయం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువవాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్ సస్పెన్షన్ ఉంటాయి. ఇలాంటి చాలా మోడళ్లలో కంపెనీ పెట్టిన సర్దుబాటు ముందు టో ఒక్కటే. టై రాడ్ తిప్పితే అది మారుతుంది. క్యాంబర్, క్యాస్టర్ తిప్పి సరిచేసే ఏర్పాటు అసలు ఉండదు. 'మీ బండికి క్యాంబర్ సెట్టింగ్ లేదండీ' అని షెడ్డులో చెబితే అది తప్పించుకునే మాట కాకపోవచ్చు, నిజమే కావచ్చు.

కొన్నిచోట్ల ఆ మాట చెప్పకుండా హైడ్రాలిక్ పరికరం బిగించి స్ట్రట్‌నో, చక్రాన్ని మోసే నకిల్‌నో వంచుతారు. తెర మీద అంకె సర్దుకుంటుంది, కారు యజమాని సంతోషిస్తాడు. కానీ సర్దుబాటు లేని బండిలో క్యాంబర్ దానంతట అది మారదు. ఏదో ఒక భాగం వంగింది, అరిగింది, లేదా జరిగింది. వంగిన భాగాన్ని అలాగే ఉంచి ఇంకో భాగాన్ని వంచితే ఇప్పుడు రెండు భాగాలు చెడ్డాయి. వంగిన స్ట్రట్‌లో రాడ్డు పక్కకు ఒరుసుకుని సీలు చెడుతుంది, ఆయిల్ కారుతుంది. మీ బండికి ఎవరైనా ఈ పని చేయబోతే వద్దని చెప్పే హక్కు మీకుంది.

మరి ఏం చేయాలి? మంచి మిషన్ రిపోర్టులో ఎస్.ఏ.ఐ. అనే ఇంకో కోణం ఉంటుంది. చక్రం తిరిగే ఇరుసు ఎదురునుంచి చూస్తే లోపలికి ఎంత వాలి ఉందో అది చెబుతుంది. క్యాంబర్ తప్పి ఎస్.ఏ.ఐ. రెండు వైపులా సమానంగా ఉంటే స్ట్రట్ గానీ నకిల్ గానీ వంగిందని ముందుగా అనుమానించాలి. ఎస్.ఏ.ఐ. కూడా తప్పి, దాన్ని క్యాంబర్‌తో కలిపితే వచ్చే మొత్తం మాత్రం రెండు వైపులా ఒకేలా ఉంటే సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగి ఉండొచ్చు, లోయర్ ఆర్మ్ వంగి ఉండొచ్చు, లేదా స్ట్రట్ పైభాగం కూర్చునే చోటే దెబ్బ తిని ఉండొచ్చు. క్లచ్ పనికో గేర్‌బాక్స్ పనికో సబ్‌ఫ్రేమ్ దించి మళ్లీ ఎక్కించిన తర్వాతే లాగుడు మొదలైతే, ఆ సంగతి మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి. గుంతలో పడ్డ మాట కూడా దాచకండి.

అపోహ: కొత్త టైర్లు వేయించాను, టైర్ల తప్పు అయ్యే అవకాశమే లేదు

రేడియల్ టైరు లోపల ఉక్కు తీగల బెల్టు ఉంటుంది. తయారీలో అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా టైరు గుండ్రటి గొట్టంలా కాకుండా, ఒక అంచు కాస్త చిన్నదైన శంఖువులా దొర్లుతుంది. శంఖువు నేరుగా దొర్లదు, చిన్న అంచు వైపు తిరుగుతుంది. కంటికి ఏమీ కనపడదు, గాలి సరిగ్గా ఉంటుంది, బ్యాలెన్సింగ్ చక్కగా వస్తుంది, బండి మాత్రం లాగుతుంది. కొత్త టైర్లు వేసి అలైన్‌మెంట్ చేయించిన రోజునుంచే లాగుడు మొదలైతే మొదట అనుమానించాల్సింది టైర్లనే. పాపం, నింద మాత్రం అలైన్‌మెంట్ మీద పడుతుంది.

దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. ముందు రెండు చక్రాల్నీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి. అదే రోడ్డు మీద, అదే వేగంతో నడపండి. ఇంతకుముందు ఎడమకు లాగిన బండి ఇప్పుడు కుడికి లాగితే దోషం టైరుదే. లాగుడు ఏమాత్రం మారకపోతే ముందు టైర్లు నిర్దోషులని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. టైరు గోడ మీద తిరిగే దిశ చూపించే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా పక్కలు మార్చకూడదు. అలాంటివాటిని అదే వైపు ముందుది వెనక్కి, వెనకది ముందుకు మార్చి చూడాలి. లాగుడు తగ్గిందంటే ముందు ఉండి వెనక్కి వెళ్లిన టైర్లలో ఒకటి దోషి.

రెండో అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టే ముందు ఈ పరీక్ష చేయించి తీరాలని నా గట్టి అభిప్రాయం. దీనికి ఒక జాకీ, ఒక వీల్ స్పానర్, అరగంట సమయం చాలు. టైరే దోషి అని తేలితే టైరు అమ్మినవారి దగ్గర వారంటీ అడగడానికి మీ చేతిలో ఆధారం కూడా ఉంటుంది.

ముందు ఇరుసుకు ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగిన టైరు, లేదా రెండు వేర్వేరు కంపెనీల టైర్లు ఉన్నా ఇదే ఇబ్బంది రావచ్చు. పంచరైతే స్టెప్నీ వేసుకుని అలాగే నెలలు తిరిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇక గాలి సంగతి: తక్కువ ఉన్న వైపుకే బండి పోతుంది. ఎండలో నడిపి వచ్చాక కాకుండా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకె ప్రకారం గాలి పెట్టించండి. అలైన్‌మెంట్‌కు ముందే ఇది జరగాలి. గాలి తేడాతో తీసిన కోణాలు నమ్మదగినవి కావు.

అపోహ: కొంచెం ఎడమకు పోతున్నా అది లోపమే

కాకపోవచ్చు. వాన నీరు నిలవకుండా తారు రోడ్డుకు సాధారణంగా 2 నుంచి 2.5 శాతం వాలు పెడతారు. అంటే మీటరు వెడల్పుకు రెండు రెండున్నర సెంటీమీటర్ల పల్లం. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ పల్లం దాదాపు ఎప్పుడూ మన ఎడమకే ఉంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడూ ఎడమకే, తిరిగి వచ్చేటప్పుడూ ఎడమకే. ఏ లోపమూ లేని కారు కూడా ఇలాంటి రోడ్డు మీద నెమ్మదిగా ఎడమకు జారుతుంది. పక్కనుంచి వీచే గాలి అయితే అలా ఉండదు. వెళ్లేటప్పుడు ఒక పక్కకు తోస్తే వచ్చేటప్పుడు రెండో పక్కకు తోస్తుంది.

ఇందులోనే పనికొచ్చే గుర్తు ఒకటుంది. మామూలు రోడ్డు మీద కారు కుడికి లాగుతుంటే ఆ నెపం రోడ్డు మీద పెట్టడానికి లేదు, ఎందుకంటే అది వాలుకు ఎదురెక్కుతోంది. ఎదురుగా వచ్చే బండ్ల వైపు మిమ్మల్ని తీసుకెళ్లే లాగుడు కూడా అదే. దాన్ని వాయిదా వేయకండి.

పరీక్ష కోసం స్టీరింగ్ పూర్తిగా వదిలేయడం తప్పు. వేళ్లు తాకించి ఉంచి, ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద చూడండి. లేన్ మధ్యలో పట్టి ఉంచే సహాయక వ్యవస్థ ఉన్న కొత్త కార్లలో ముందు దాన్ని ఆపేయాలి. లేకపోతే కెమెరా తిప్పుతోందా, చక్రం లాగుతోందా అన్నది తేలదు.

అపోహ: స్టీరింగ్ వంకరగా ఉందంటే కారు లాగుతున్నట్టే

ఇవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. బండి నేరుగా పోతూ స్టీరింగ్ మాత్రం ఒరిగి ఉంటే అది లాగుడు కాదు. టో సెట్ చేసేటప్పుడు స్టీరింగ్‌ను మధ్యలో లాక్ చేయకపోవడమో, వెనక ఇరుసు కాస్త వంకరగా ఉండటమో కారణం. వెనక ఇరుసు సంగతి తెలియాలంటే నాలుగు చక్రాల కొలతా తీయించాలి. షెడ్డులో చెప్పేటప్పుడు ఏది మీ సమస్యో తేల్చి చెప్పండి. అలాగే 80, 100 వేగంలో స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ పని. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేసినా లాగుడు పోదు.

అపోహ: బ్రేకులు బాగానే పడుతున్నాయి, వాటితో సంబంధం లేదు

బ్రేకు పడటం కాదు, కాలు తీశాక వదులుతోందా అన్నది ప్రశ్న. క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి పట్టేసినా, రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వకపోయినా ఆ చక్రం ఎప్పుడూ సగం బ్రేకులోనే ఉంటుంది. బండి ఆ వైపుకు లాగుతుంది. ఎక్కువగా బ్రేకు వేయకుండా పది పదిహేను కిలోమీటర్లు నడిపి ఆగండి. నాలుగు చక్రాల దగ్గరకూ చెయ్యి తీసుకెళ్లండి, డిస్క్‌ను మాత్రం ముట్టుకోవద్దు, కాలుతుంది. ముందు రెండింటిలో ఒకటి సెగలు కక్కుతూ ఇంకోటి మామూలుగా ఉంటే మీ సమాధానం దొరికినట్టే.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగితే లెక్క తిరగబడవచ్చు. ఎడమ క్యాలిపర్ పని చేయకపోతే కుడి చక్రం ఒక్కటే పట్టుకుంటుంది, బండి కుడికి పోతుంది. అలాగే లోయర్ ఆర్మ్ బుష్ చిరిగినా బ్రేకు వేయగానే చక్రం వెనక్కి జరిగి క్యాస్టర్ మారిపోతుంది. నిలబడి ఉన్న బండి మీద మిషన్‌కు ఇది కనపడదు, అందుకే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే లాగి, కాలు తీయగానే సర్దుకుంటే ఇంజన్ మౌంట్లు, డ్రైవ్ షాఫ్ట్‌లు చూడాలి. ముందు చక్రాలతో నడిచే శక్తిమంతమైన కార్లలో అది కొంతమేర సహజం కూడా. ఎడమ మలుపు తిరిగాక ఎడమకే, కుడి మలుపు తర్వాత కుడికే పోతూ ఉంటే స్ట్రట్ పైన ఉండే బేరింగ్‌నో, బిగుసుకుపోయిన బాల్ జాయింట్‌నో చూడమనండి.

అపోహ: కొద్దిరోజులు నడిపితే అదే సర్దుకుంటుంది

సర్దుకోదు. నిన్నటిదాకా బాగున్న కారు ఉన్నట్టుండి బలంగా లాగడం మొదలుపెడితే అది అలైన్‌మెంట్ విషయమే కాదనుకోండి. పక్కన ఆపి నాలుగు టైర్లూ చూడండి. గాలి దిగిందా, టైరు గోడ మీదో రోడ్డును తాకే భాగం మీదో బుడిపె లేచిందా అని వెతకండి. గుంత అంచుకు కొట్టుకుని లోపలి దారాలు తెగినా, బెల్టు ఊడినా అలాంటి బుడిపె వస్తుంది, ఆ టైరు ఏ క్షణంలోనైనా పేలొచ్చు. బుడిపె కనిపిస్తే అలైన్‌మెంట్ షెడ్డు దాకా కూడా నడపవద్దు. అక్కడే స్టెప్నీ మార్చుకోండి.