బోల్టుతో లాగితే కొత్త క్లచ్ గోవిందా!

అమలాపురం (గ్రామీణ విలేకరి): జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదలగానే కోనసీమలో సార్వా దమ్ములు మొదలవుతాయి. ఆ కొద్ది రోజులూ ట్రాక్టరుకు ఊపిరి సలపదు. సరిగ్గా ఆ సమయంలోనే ఒక చిన్న రైతు ట్రాక్టరు కొబ్బరి చెట్ల నీడన రెండు ముక్కలై నిలబడిపోయింది.

తోటలో తిరగడానికి వీలుగా ఉంటుందని కొనుక్కున్న చిన్న ట్రాక్టరు అది. క్లచ్ అరిగిపోతే కొత్త ప్లేటు తెచ్చి వేయించారు. తీరా ఇంజను స్టార్టు చేసి పెడలు తొక్కితే గేరు పడదు, కరకరమని ఒకటే శబ్దం. మళ్ళీ విప్పి చూస్తే కొత్త ప్లేటు నడిమి భాగం వంగిపోయి ఉంది. ప్లేటు డబ్బు పోయింది. కూలి రెండింతలయింది. ఆకుమడి ముదిరిపోతుంటే, పక్క ఊరి ట్రాక్టరును కిరాయికి పిలవక తప్పలేదు.

ప్లేటులో లోపం లేదు. తప్పంతా ట్రాక్టరును తిరిగి కలపడంలోనే జరిగింది. ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య రెండు వేళ్ళ సందు మిగిలితే పానాతో బోల్టులు బిగించి దగ్గరకు లాగారు. ప్లేటు గాడులలో దిగని షాఫ్టు ఆ ప్లేటునే నెట్టి వంచేసింది.

కలిపే ముందు

క్లచ్ ప్లేటు ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య ఉంటుంది. దానిని మార్చాలంటే ట్రాక్టరును నడుము దగ్గర విడదీయాలి. ఇంత శ్రమపడి విప్పినప్పుడు ఒక్క ప్లేటు మార్చి ఊరుకోరాదు. ఫ్లైవీలు వెనుక ఆయిల్ సీలు కారుతున్నదేమో చూడాలి. కారుతుంటే కొత్త ప్లేటు కూడా నూనె పట్టి జారిపోతుంది. పెడలు తొక్కినప్పుడు పనిచేసే రిలీజ్ బేరింగును, షాఫ్టు కొనను మోసే పైలట్ బేరింగును చేత్తో తిప్పి చూడాలి. గరగరమంటే మార్చివేయాలి. ఫ్లైవీలు ముఖం నీలం రంగుకు తిరిగినా, బీటలిచ్చినా లేతు మేస్త్రీకి చూపించాలి.

పాత ప్లేటు దుమ్మును నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ నార ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవడం మేలు.

కొత్త ప్లేటుకు ఏ వైపు ఫ్లైవీలు మీదకు రావాలో చాలావరకు దాని మీదే గుర్తు ఉంటుంది. తిరగేసి వేస్తే క్లచ్ పని చేయదు. ప్లేటు సరిగ్గా నడిమధ్యకు రావాలంటే డమ్మీ షాఫ్టు దూర్చి నిలబెట్టి, ఆపైన ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్కనే బిగిస్తే ప్రెషర్ ప్లేటు వంగుతుంది. గేరు బాక్సు షాఫ్టు గాడులకు గ్రీజు పలుచగా పూస్తే చాలు. ఎక్కువ పూస్తే తిరిగే వేగానికి అది ప్లేటు మీద పడుతుంది.

కలపడంలోనే కిటుకు

ఈ పని గట్టి నేల మీద చేయాలి. మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కనుక, విడదీసిన ఇంజను పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. ఇరుసుకు, ఇంజనుకు మధ్య రెండు వైపులా చెక్క చీలలు దిగగొట్టాలి. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందకు దూరడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. బలమైన చెక్క దిమ్మలు తప్పనిసరి.

రెండు భాగాలూ ఒకే ఎత్తున, సూటిగా ఉండాలి. పైన, కింద, రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ మెల్లగా జరపాలి. మధ్యలో ఆగిపోతే గాడులు కలవలేదన్న మాట. అప్పుడు ఒకరు ఇంజను ముందు పుల్లీని పానాతో కొద్దిగా తిప్పుతుంటే, మరొకరు వెనుక భాగాన్ని నెమ్మదిగా నెట్టాలి. పి.టి.ఓ.కు వేరే ప్లేటు ఉన్న డబుల్ క్లచ్ ట్రాక్టరయితే, మొదటి ప్లేటు గాడులలో దిగిన తరువాత కూడా రెండవ దాని దగ్గర ఆగవచ్చు. పి.టి.ఓ. లివరు వేసి, వెనుక షాఫ్టును చేత్తో తిప్పితే దారికి వస్తుంది.

సందు పూర్తిగా మూసుకొని, రెండు ముఖాలూ ఆనుకున్న తరువాతే బోల్టులకు పానా పెట్టాలి. బోల్టు పని పట్టి ఉంచడమే గాని, లాగడం కాదు. సందులో వేలు పెట్టి తడిమి చూడరాదు. అర అంగుళం జరిగినా వేలు తెగిపోతుంది.

బిగించాక

డీజిలు పైపు, హైడ్రాలిక్ పైపులు, స్టీరింగు కడ్డీ, వైర్లు ఒక్కొక్కటిగా కలపాలి. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరయితే ముందు ఇరుసుకు పోయే షాఫ్టును మరువరాదు. తీసిన నూనెను కొలత ప్రకారం తిరిగి పోయాలి. డీజిలు లైనులో గాలి తీయాలి. బ్యాటరీ తీగ అన్నిటికన్నా చివర కలపాలి.

పెడలుకు వదులు తప్పక ఉంచాలి. చాలా చిన్న ట్రాక్టర్లకు ఇది సుమారు ఒక అంగుళం. కచ్చితమైన కొలత కంపెనీ పుస్తకంలో ఉంటుంది. వదులు లేకపోతే ప్లేటు ఎప్పుడూ జారుతూ కాలిపోతుంది. ఎక్కువైతే గేరు పడదు. ట్రాక్టరు ముందు ఎవరూ లేకుండా చూసుకొని, బ్రేకు వేసి, న్యూట్రల్‌లో స్టార్టు చేయాలి. పెడలు పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి గేరు వేస్తే చప్పుడు లేకుండా పడాలి.

అరిగేది అలవాటు వల్లే

దమ్ములో చక్రాలు దిగబడినప్పుడు సగం క్లచ్‌తో లాగించడం, పొలమంతా పెడలు మీద కాలు ఆనించి నడపడం — క్లచ్ తొందరగా అరగడానికి ఇవే ముఖ్య కారణాలు. తొక్కితే పూర్తిగా తొక్కాలి, వదిలితే కాలు పూర్తిగా తీయాలి. యంత్రాల వాడకం, మరమ్మతులు నేర్చుకోదలచిన వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది.

క్లచ్ జారుతున్నదని దాళ్వా కోతల్లోనే తెలిస్తే, కాలువలు కట్టేసిన వేసవిలోనే విప్పించుకోవడం మంచిది. అప్పుడు మేస్త్రీకి తీరిక, రైతుకు ఓపిక ఉంటాయి. పైన చెప్పిన రైతు ట్రాక్టరుకు రెండవసారి గాడులు కుదిరేదాకా ఒక గంట పట్టింది. ఆ గంట ఓపిక మొదటే ఉంటే ఆయన చేలో దమ్ము అదునుకే అయిపోయేది.